ఆవుల మామ్మగారి అట్లతద్ది

తెలియని సంగతి ఎవరైనా అడిగితే "నాకు తెలియదండీ" అని చెప్పే ధైర్యం మనిషికి ఎన్నో ఏట వస్తుందో గాని, ఆ రోజుల్లో నాకింకా రాలేదు. ఇరవై నాలుగేళ్ళవాడిని. ఐర్లండ్‌లో కార్లో అనే ఊళ్ళో ఎమ్మెస్సీ చదువుతున్నాను. దారి అడిగినవాళ్ళకి, ఆ వీధి ఎక్కడుందో నాకే తెలియకపోయినా, ఎటో ఒకవైపు చెయ్యి చూపించి పంపేవాడిని. (మా గోదావరి వైపు దీన్ని అబద్ధం అనరు, మర్యాద అంటారు. అడిగినవాడిని ఉత్త చేతులతో పంపకూడదు. ఐర్లండ్‌లోనూ ఇదే మర్యాద ఉందని వచ్చిన వారానికే తెలిసింది. బస్టాండు ఎక్కడని ముగ్గురిని అడిగితే ముగ్గురూ మూడు దిక్కులు చూపించి, ముగ్గురూ ఎంతో ప్రేమగా వాతావరణం గురించి మాట్లాడారు. ఇదేదో మన ఊరే అనుకున్నాను.) ఆ మర్యాద వల్ల ఒక పెద్దావిడకి నేను చేసిన పని ఒకటుంది. దాన్ని ఇన్నేళ్ళ తర్వాత ఉన్నదున్నట్టు చెప్పడానికి కూర్చున్నాను.

ఇప్పుడే ఎందుకంటే, డప్పు వల్ల. డప్పు అప్పట్లో నా రూమ్మేటు, వరంగల్ దగ్గరివాడు. కడుపులో ఒక్క మాట దాగదు కాబట్టి ఆ పేరు. ఇప్పుడు రింగాస్కిడీలో మందుల ఫ్యాక్టరీలో పెద్ద ఉద్యోగం, నెత్తిమీద జుట్టు తగ్గింది గాని మోత తగ్గలేదు. మన తెలుగువాళ్ళు ఏ బార్బెక్యూలో కలిసినా, చేతిలో ప్లేటు పట్టుకుని, "మావోడు పండగ అమ్మిండు, ఎరుకేనా?" అని మొదలుపెడతాడు. చివర, "ఆ అవ్వకు అది ఉత్తదేనని ఇప్పటికీ తెల్వదు!" అని ముగిస్తాడు. అందరూ పొట్ట పట్టుకుని నవ్వుతారు. ఇన్నేళ్ళూ నేనూ నవ్వాను. మొన్న వేసవిలో డ్రోహెడాలో మా ఇంటి వెనకాలే ఈ కచేరీ మళ్ళీ జరిగింది. అందరూ నవ్వుతుంటే మా అమ్మాయి ఒక్కతే నవ్వలేదు. (పదమూడేళ్ళది. తెలుగు పూర్తిగా అర్థమవుతుంది. జవాబు మాత్రం ఐరిష్ యాసలో వస్తుంది.) "డాడ్, దట్స్ ఫెయిర్లీ మీన్, లైక్," అని లోపలికి వెళ్ళిపోయింది. డప్పు చెప్పే కథలో ముగింపు తప్పు. ఆవిడకి తెలుసు. తెలిసిన రోజు నేను ఆవిడ ఎదురుగానే కూర్చుని ఉన్నాను. అది డప్పుకి ఎప్పుడూ చెప్పలేదు.

చదువుకుంటూ నేను శనివారాలు కార్లోలో ఒక ట్రావెల్ ఏజెన్సీలో పనిచేసేవాడిని. బ్రోచర్ల మీద దుమ్ము దులపడం, ఉత్తరాలు టైపు చెయ్యడం, టీ పెట్టడం. దాని యజమానురాలిని మేము పొడుగావిడ అనేవాళ్ళం. ఆవిడ గుమ్మంలో నిలబడితే కొట్టులో చీకటి పడేది. ఏం చెప్పినా "గ్రాండ్, గ్రాండ్" అనేది. మంచి మనిషి. ఆ ఏడు మార్చిలో ఊరి క్రీడామందిరంలో సెలవుల్లో విదేశాలకి ప్రయాణాలు అమ్మే సంత లాంటిది పెట్టారు, ఒక్కో బల్ల దగ్గర ఒక్కో దేశం. మా పొడుగావిడకి హిందూ మహాసముద్రంలో ఒక దీవి వచ్చింది. (దాని పేరు రాయను. అక్కడివాళ్ళు నాకే అపకారమూ చెయ్యలేదు.) ఊరికే సముద్రం బొమ్మలు పెడితే జనం ఆగడం లేదనీ, ఈ కాలంలో వాళ్ళకి పండగలూ, ఉత్సవాలూ కావాలనీ ఆవిడ ఎక్కడో విని వచ్చింది. ఆ దీవికి వెళ్ళినవాళ్ళు చూడదగ్గ పండగల పట్టిక ఒకటి తెప్పించింది. ఇక ఆ బల్ల దగ్గర నిలబడడానికి ఆ దీవి మనిషి ఒకడు కావాలి. కార్లో అంతా వెతికినా దొరకలేదు. అప్పుడు నన్నూ, నన్ను తీసుకెళ్ళడానికి వచ్చిన డప్పునీ ఒకసారి ఎగాదిగా చూసి, "మీరిద్దరూ ఆ దిక్కువాళ్ళే కదా?" అంది. "కొంచెం అటూ ఇటూగా," అన్నాను.

అలా మేము దీవివాళ్ళమయ్యాం. అనాసపళ్ళ బొమ్మలున్న పొట్టి చేతుల చొక్కాలిచ్చింది. మార్చిలో కార్లో చలి తెలిసినవాళ్ళు నా బాధ ఊహించుకోగలరు. లోపల రెండు స్వెట్టర్లు తొడుక్కుని పైన అనాసపళ్ళు వేసుకుంటే, డప్పు నన్ను చూసి, "నువ్వే ఒక అనాసపండు లెక్కున్నవ్ రా," అన్నాడు. వాడు ఖాళీ రంగు డబ్బా ఒకటి తిరగేసి, మా బల్ల ముందు కూర్చుని వాయించడం మొదలుపెట్టాడు. వాళ్ళ ఊళ్ళో బోనాలకి వాయించే దరువట. పిల్లలు పోగయ్యారు. పొడుగావిడ దూరం నుంచి బొటనవేలు ఎత్తి చూపించింది. పండగల పట్టిక చదువుకోమని నాకు ఇచ్చింది గాని, అది నాలుగు పేజీలుంది, చిన్న అక్షరాలు. కుర్చీ చల్లగా ఉంటే దాన్ని నాలుగు మడతలు వేసి కింద పెట్టుకుని కూర్చున్నాను.

ఒక పెద్దావిడ వచ్చింది. డెబ్భై దాటి ఉంటాయి. వానకోటు, చేతిలో ఉన్ని టోపీ, నడకలో ఒక పక్కకి కొంచెం ఒరుగు. డప్పు వాయింపు ఆసాంతం విని, వాడికి తల ఊపి, నా ఎదురుగా కూర్చుంది. ఏమీ అడక్కుండానే చెప్పుకొచ్చింది. పెళ్ళి చేసుకోలేదు. అన్నగారి ఇంట్లోనే ఉండి, ఆయన ఆవుల్ని నలభై ఏళ్ళు చూసింది. రెండు పూటలా పాలు పితకాలి. పాడి ఉన్న ఇల్లు వదిలి ఒక్క రాత్రి కూడా బయట ఉండలేదు. కిందటేడు అన్న పోయాడు. కిందటి నెల ఆవుల్ని అమ్మేసింది. "పొద్దున్న నాలుగున్నరకే మెలకువ వచ్చేస్తుంది, అబ్బాయ్. లేచి కోటు వేసుకుంటాను. బొత్తాలు పెట్టుకున్నాక గుర్తొస్తుంది, ఆవులు లేవని." ఆ మాట నవ్వుతూనే అంది. ఆ రోజు నుంచీ ఆవిడ మాకు ఆవుల మామ్మగారు. (డప్పుకి ఆవుల అవ్వ.)

"వచ్చే శీతాకాలం తుంటి ఎముక ఆపరేషను. దాని తర్వాత దూరాలు తిరగడం కుదరదని మా డాక్టరు చెప్పాడు," అంది. "కాబట్టి ఒక్క ప్రయాణం. ఒక్కటంటే ఒక్కటే. అది మంచిది చేసుకోవాలని ఉంది. ఇదిగో, మీ పొడుగావిడ ఇచ్చిన కాగితం చదివాను. ఇందులోవన్నీ వచ్చినవాళ్ళకి చూపించడానికి చేసే పండగల్లా ఉన్నాయి. ఎవరూ రాకపోయినా మీవాళ్ళు మీకోసం చేసుకునేది ఏదైనా ఉందా? తెల్లవారుజామున చేసేదైతే మరీ మంచిది. ఎలాగూ నాకు మెలకువే."

ఎంత మంచి ప్రశ్న! అంత మంచి ప్రశ్న నన్ను అప్పటిదాకా ఎవరూ అడగలేదు. తెలియదండీ అనాలి. కింద ఉన్న కాగితం తీసి చదవాలి. కానీ ఆవిడ కళ్ళు చూస్తే ఉత్త చేతులతో పంపబుద్ధి కాలేదు. నోరు తెరిచాను. లోపల్నించి అట్లతద్ది వచ్చింది.

అట్లతద్ది గురించి చెప్పడానికి నాకు ఆలోచన అక్కర్లేదు. ఇద్దరు అక్కల తమ్ముణ్ణి. ముందు రోజు గోరింటాకు రుబ్బడం, చీకటితోనే లేచి అన్నం తినడం, దివ్వెలు పట్టుకుని వీధిలోకి పరుగెత్తడం, మామిడి కొమ్మకి మోకు కట్టి ఉయ్యాల వెయ్యడం, తెల్లవారేదాకా ఊగడం, పగలంతా ఉపవాసం ఉండి, చంద్రుడు కనిపించాక పదకొండు అట్లు పొయ్యడం, అన్నీ చెప్పాను. ఎన్నడూ చూడని దీవిలో మా వీధంతా కట్టేశాను. మామిడి కొమ్మ ఉన్నచోట కొబ్బరిచెట్లు పెట్టాను. (కొబ్బరిచెట్టుకి కొమ్మలుండవన్న సంగతి, కోనసీమ పక్కన పుట్టినవాడిని, నాకు తట్టనే లేదు.) ఆవుల మామ్మగారు కదలకుండా విన్నది. మధ్యలో ఒక్కసారే ఆపింది.

"అట్లంటే?"

"పాన్‌కేకుల్లాంటివండి."

"పదకొండా! మాకూ ఒక మంగళవారం ఉంది పాన్‌కేకులకి. రెండో మూడో తింటాం, అంతే." గొంతు తగ్గించి అడిగింది: "ఉయ్యాల... పెద్దవాళ్ళు కూడా ఎక్కుతారా?"

"ముందు వాళ్ళే ఎక్కుతారండి!" అన్నాను. మా ఊళ్ళో పెద్దవాళ్ళు అరుగుమీద కూర్చుని, "నెమ్మదే, నడుం విరుగుతుందే," అని అరుస్తారు.

"ఎప్పుడు?"

"అక్టోబరులో. పౌర్ణమి వెళ్ళిన మూడో రోజు." నేను ఆవిడకి చెప్పినవాటిలో పూర్తిగా నిజమైనది ఇదొక్కటే. ఆవిడ కోటు జేబులోంచి పాలకేంద్రం వాళ్ళిచ్చిన చిన్న క్యాలెండరు తీసి, పెన్సిలుతో గుండ్రంగా గీత పెట్టుకుంది.

తర్వాతి శనివారం ఏజెన్సీలో అడుగుపెట్టగానే పొడుగావిడ, "నీ మొదటి టిక్కెట్టు!" అని నా వీపు చరిచింది. ఆవుల మామ్మగారు అక్టోబరుకి ఖాయం చేసుకుంది. "కానీ ఆ ఉయ్యాలల పండగ నా పట్టికలో లేదే?" అంది పొడుగావిడ. "అది ఊళ్ళల్లో చేసుకునేదండీ, కాగితాలకెక్కదు," అన్నాను. "గ్రాండ్," అంది. అబద్ధానికి ఇంత సులువుగా జీవితం ఉంటుందని అప్పటిదాకా తెలియదు. ఇంటికొచ్చి డప్పుకి చెబితే మొదట పడీపడీ నవ్వాడు. నవ్వడం అయ్యాక వాడే అడిగాడు: "గది సరే గాని, ఆ అవ్వ అంత దూరం పోయి, పొద్దుగాల లేచి బయటికొచ్చి నిల్చుంటది గదరా. ఆడ ఉయ్యాల ఉండదు. అప్పుడేం జేస్తది?" చెప్పానుగా, వాడికి కడుపులో మాట దాగదు. ఈ ప్రశ్న కూడా దాచుకోలేదు. దాంతో నాకు అన్నం సయించలేదు.

అప్పట్లో మా కుర్రాళ్ళందరికీ ఏ కష్టమొచ్చినా డ్రోహెడా అక్క ఉండేది. అక్కడి ఆసుపత్రిలో నర్సు, గుంటూరు దగ్గరావిడ. జ్వరమొస్తే ఫోన్లో తిట్టి మందు చెప్పేది. క్రిస్మస్‌కి మతం చూడకుండా అందరికీ బిర్యానీ పెట్టేది. ఆవిడకి ఫోన్ చేసి అంతా చెప్పాను.

"అబద్ధ సాక్ష్యం పలకొద్దని రాసిపెట్టుంది రా మా గ్రంథంలో," అంది. "అట్లతద్దిని తీసుకుపోయి సముద్రంలో పడేశావా? మా పక్కింటి పిల్లలతో కలిసి నేనూ ఊగినదాన్నే రా! నీ కంటికి ఆ దీవి తప్ప ఇంకేం ఆనలేదా?"

"ఏం చెయ్యమంటావక్కా?"

"ఏం చెయ్యమంటానేంది! ఆ తల్లి ఇంటికి బోయి, కాళ్ళ మీద పడి, నిజం చెప్పు. ఇవాళే పో. చెప్పాక నాకు ఫోన్ చెయ్. చెప్పకపోతే చెయ్యమాక."

ఇవాళే పో అంటే, నేను వెళ్ళేటప్పటికి జూన్ వచ్చింది. కార్లో నుంచి బస్సెక్కి, దిగి, గట్ల మధ్య రెండు మైళ్ళు నడిచి ఆవిడ ఇంటికి చేరాను. దారి పొడవునా చెప్పాల్సిన మాటలు వల్లెవేసుకున్నాను. తలుపు తీయగానే ఆవిడ ముఖం వెలిగింది. "దీవి అబ్బాయి వచ్చాడు!" అని ఎవరూ లేని ఇంట్లోకి కేక పెట్టింది. టీ ఇచ్చింది. సోడా బ్రెడ్ కోసి, మందంగా వెన్న రాసి ముందు పెట్టింది. వెన్న నోట్లో ఉండగా నిజం చెప్పడం చాలా కష్టం. మింగి, "మామ్మగారూ, ఆ ఉయ్యాల సంగతి..." అన్నాను. "ఆ! రా, చూపిస్తాను!" అని చెయ్యి పట్టుకుని బయటికి లాక్కుపోయింది.

పాలు పితికే కొట్టం ఖాళీగా, కడిగి శుభ్రంగా ఉంది. మధ్య దూలానికి మోకు వేలాడుతోంది. మోకుకి ఒక చెక్క. "ఎనిమిదేళ్ళప్పుడు ఎక్కాను, మళ్ళీ ఎక్కలేదు. అక్కడికి వెళ్ళి, మీ ముసలమ్మలందరి ముందూ భయపడితే ఏం బాగుంటుంది? రోజూ పొద్దున్న పావుగంట అలవాటు చేసుకుంటున్నాను. పాలు పితికే వేళకే." ఎక్కి చూపించింది. ఒక చేత్తో తుంటి పట్టుకుని, కాలి మునివేళ్ళతో నేలని తోసుకుంటూ, జానెడు ముందుకి, జానెడు వెనక్కి. "పద్ధతి ఇదేనా? కాళ్ళు ముడుచుకోవాలా, చాపాలా?" నాకేం తెలుసు? మగపిల్లాణ్ణి. నా అనుభవమంతా అట్లు తినడంలోనే. అయినా ఆ రోజుల్లో తెలియదని చెప్పేవాణ్ణి కాదు కదా. "చాపాలండి, ఇలాగ!" అని నేనెక్కాను. వెనకాల నుంచి ఆవిడ, నలభై ఏళ్ళు ఆవుల్ని తోసిన చేతులతో, ఒక్క తోపు తోసింది. చెక్క ఒకవైపు, నేనొకవైపు. కొట్టం తలుపు తెరిచే ఉంది. బయట ఎరువుగుట్ట ఇంకా అమ్మలేదు.

"జీసస్, మేరీ అండ్ జోసెఫ్!" అని పరుగెత్తుకొచ్చి నన్ను లేపింది. నడుం విరగలేదని తెలిశాక నవ్వడం మొదలుపెట్టి, గుమ్మానికి ఆనుకుని, కళ్ళు తుడుచుకుంటూ, "ఇంత చేతగానివాడివి, నిన్నా మీవాళ్ళు పండగ సంగతులు చెప్పడానికి పంపించారు?" అంది. అన్నగారి పాత ప్యాంటు ఇచ్చింది. చంకలోకి ఒక రొట్టె ఇచ్చింది. నిజం నా నోట్లోనే ఉండిపోయింది, నేను బస్సెక్కాను. (బస్సులో నా పక్క సీటు కార్లోదాకా ఖాళీగానే ఉంది.) డ్రోహెడా అక్కకి ఫోన్ చెయ్యలేదు.

నిజం చెప్పలేనివాడు చేసే రెండో పని, మొదటి అబద్ధానికి పందిరి వెయ్యడం. ఒక శనివారం ఏజెన్సీలో ఉత్తరాలు టైపు చేస్తూ ఆ దీవిలో ఆవిడ దిగబోయే హోటలుకి నేనే ఒక మెయిల్ రాశాను. వచ్చే అక్టోబరులో మీ దగ్గరికి వస్తున్న అతిథి ఐర్లండ్ పల్లెటూరి ఆవిడ అనీ, పౌర్ణమి వెళ్ళిన మూడో రోజు తెల్లవారుజామున ఉయ్యాల ఊగి, సాయంత్రం పాన్‌కేకులు తినడం వాళ్ళ ఊరి ఆడవాళ్ళ పురాతన ఆచారమనీ, మొహమాటస్తురాలు కాబట్టి నోరు తెరిచి అడగదనీ, మీరే ఏర్పాటు చేస్తే ఎంతో సంతోషిస్తుందనీ రాశాను. దీవివాళ్ళ పండగని ఆవిడకి అంటగట్టినవాడిని, ఐర్లండ్ పండగని దీవివాళ్ళకి అంటగట్టాను. ఎవరికీ అన్యాయం చెయ్యలేదని నాకు నేను సర్ది చెప్పుకున్నాను కూడా. తర్వాతి శనివారం వెళ్ళేసరికి జవాబొచ్చి ఉంది. "తప్పకుండా. మాకిది గౌరవం. ఎన్ని పాన్‌కేకులు?"

"పదకొండు," అని రాశాను.

నా మెయిలూ, వాళ్ళ జవాబూ పొడుగావిడ కంటపడ్డాయి. తెరముందు వంగి రెండుసార్లు చదివింది. "నేను పుట్టింది కార్లోలో, పెరిగింది కార్లోలో. ఈ ఆచారం ఎన్నడూ వినలేదే!" అంది. మార్చిలో తనే అడిగిన ఉయ్యాలల పండగ మాత్రం ఆవిడకి గుర్తు రాలేదు. ఆవిడ గడ్డం గోక్కుని, కాసేపు ఆలోచించి, "కెర్రీ జిల్లావాళ్ళదయ్యుంటుంది," అని టీ కప్పు తీసుకుని వెళ్ళిపోయింది.

అక్టోబరు వచ్చింది, ఆవిడ వెళ్ళింది. పౌర్ణమి వెళ్ళిన మూడో రోజు నేను క్లాసులో కూర్చున్నాను గాని, పాఠం ఒక్క ముక్క ఎక్కలేదు. ఇప్పుడు అక్కడ ఎంతయిందో లెక్క కట్టుకుంటూ కూర్చున్నాను. లేచి ఉంటుంది. కోటు లేకుండా బయటికొచ్చి ఉంటుంది. ఉయ్యాల కట్టారా? ఎవరు తోస్తారు? ఎవరైనా నోరు జారితే? ఇలాంటి కుతూహలం నాకు పరీక్షా ఫలితాలప్పుడు కూడా కలగలేదు. పక్కన డప్పు మాత్రం పుస్తకం చాటునుంచి, "కాళ్ళు సాపిందంటవా, ముడుసుకుందంటవా?" అని గుసగుసలాడాడు.

నవంబరు మొదట్లో ఆవిడనుంచి కార్డు వచ్చింది. ఆదివారం టీకి రమ్మని. వెళ్ళాను. వెన్న రాసిన రొట్టె, టీ, బల్లమీద ఫోటోల కవరు. ముఖం ఎండకి ఎర్రబడి ఉంది. ఒక్కో ఫోటో నా ముందు పెట్టడం మొదలుపెట్టింది. సముద్రం. పడవ. చేపల కొట్టు. ఆ తర్వాత ఉయ్యాల. మంచి మోకు, మంచి చెట్టు, మోకు చుట్టూ ఆకుపచ్చ రిబ్బన్లు. చుట్టూ నిలబడ్డ హోటలువాళ్ళందరి నెత్తిన ఆకుపచ్చ కాగితపు టోపీలు. వెనకాల ఒక అట్టముక్క మీద పెద్ద అక్షరాలు: ఐరిష్ ఉయ్యాలల పండగ శుభాకాంక్షలు.

కప్పు బల్లమీద పెట్టి, ఆ అక్షరాలు మళ్ళీ చదివాను.

"ఆ మేనేజరు వచ్చి, మీ పండగకి మా శుభాకాంక్షలు అన్నాడు," అని చెప్పింది ఆవిడ, తాపీగా. "ఎంత మర్యాద, మా ఇల్లు మీ ఇల్లే అంటామే, అలా అన్నాడనుకున్నాను. 'మీక్కూడా' అన్నాను. తర్వాత ఆ టోపీలు చూశాను, మా ఐర్లండ్ ఆకుపచ్చ. అట్టముక్క నా వెనక ఉండి కనపడలేదు. సరే, నాకోసం ముస్తాబు చేశారనుకున్నాను. ఉయ్యాల ఎక్కాను. వాళ్ళ వంటావిడ, నా వయసుదే, వెనకనుంచి తోస్తోంది. తోస్తూ తోస్తూ చెవిలో అడిగింది. 'అమ్మా, మీ దేశంలో ఇది ప్రతి ఏడూ చేస్తారా?' అని. 'మా దేశంలో ఏమిటి, ఇది మీది కదా?' అన్నాను. 'మాకు బోలెడు పండగలున్నాయి గాని, ఇది మాది కాదమ్మా, మీదేనట,' అంది. ఉయ్యాల ఆగింది. ఇద్దరం మొహమొహాలు చూసుకున్నాం."

"తర్వాత?" అన్నాను.

"తర్వాతేముంది, నవ్వాం. నాకు తుంటి నొప్పి పుట్టేదాకా నవ్వాం. ఆవిడ టోపీ సర్దుకుని, 'ఎవరిదైతేనేం, దిగు, ఇక నా వంతు,' అంది. నేను తోశాను. ఆ తర్వాత బట్టలుతికే వాళ్ళు వచ్చారు, గదులూడ్చే వాళ్ళు వచ్చారు. సూర్యుడు వచ్చేదాకా ఎవరూ పనిలోకి వెళ్ళలేదు. మేనేజరుకి మేమేం చెప్పలేదు. చాలా సంబరంగా ఫోటోలు తీసుకుంటున్నాడు పాపం."

ఫోటోలన్నీ కవరులో పెట్టి, చేతులు ఒళ్ళో పెట్టుకుని, నన్ను చూసింది. కోపం లేదు. కుతూహలం, అంతే. సంతలో కాగితం పట్టుకుని ప్రశ్న అడిగిన కళ్ళే.

"అయితే ఎవరిది?"

చెప్పాను. దీవి మనిషిని కాననీ, అది మా అక్కల పండగ అనీ, గోదావరి పక్కన మా వీధిదనీ. హోటలుకి మెయిల్ రాసింది నేనేనని కూడా. కాళ్ళ మీద పడమని డ్రోహెడా అక్క చెప్పింది గాని, బల్ల అడ్డముంది. ఆవిడ మధ్యలో అడ్డు రాకుండా విని, "దేనికి చేస్తారు?" అని అడిగింది.

ఇది నేను ఆ రోజు సంతలో దాటవేసిన సంగతి. "పెళ్ళి కానివాళ్ళకి... మంచి మొగుడు రావాలనండి."

బల్ల మీద చరిచి నవ్వింది. "పదకొండూ తినేశాను కదరా! డెబ్భై ఒకటో ఏట ఎవడైనా వచ్చి తలుపు తట్టాడంటే, వాడికి వంట నువ్వే చేసి పెట్టాలి!" నేనూ నవ్వాను. బతికిపోయాననుకున్నాను. నవ్వు తగ్గాక, ఇంకో ముక్కకి వెన్న రాస్తూ, నన్ను చూడకుండానే అంది:

"మరి మీ ఊరిదని ఆ రోజే చెప్పొచ్చుగా. అక్కడికే వెళ్ళేదాన్ని."

ఆవిణ్ణి మోసం చెయ్యాలని కాదు. మా ఊరు ఎవరైనా చూడ్డానికి వెళ్ళే చోటు అవుతుందని నా బుర్రకి తోచనే లేదు. దానికి బ్రోచరు లేదు, బల్ల లేదు, అనాసపళ్ళ చొక్కా లేదు. ఉన్న ఒక్క మంచి వస్తువుని తీసుకెళ్ళి, ఎక్కువ అందంగా ఉంటుందని ఇంకొకరి దీవిలో పెట్టాను. ఆవిడకి మిగిలిన ఒక్క ప్రయాణమూ అక్కడికే అయిపోయింది.

ఆ సాయంత్రం పెద్దక్కకి ఫోన్ చేసి, ఊరికే అడిగినట్టు, "ఇక్కడినుంచి ఒక పెద్దావిడ మన అట్లతద్దికి వస్తానంటే ఏం చేసేవాళ్ళే?" అన్నాను. "ఏం చేసేదేంట్రా, గోరింటాకు ఇంకో గుప్పెడు ఎక్కువ రుబ్బేవాళ్ళం," అంది. "ఎప్పుడొస్తుందిట?"

ఆపరేషను బాగానే జరిగింది. ఆవుల మామ్మగారు మళ్ళీ విమానం ఎక్కలేదు. నేను కార్లోలో ఉన్నన్నాళ్ళూ ఆదివారాలు టీకి వెళ్ళాను. ఆ ప్రశ్న మళ్ళీ ఎత్తలేదు ఆవిడ, ఒక్కసారి కూడా. డప్పుకి కథ అక్కడిదాకా ఎందుకు చెప్పలేదంటే, వాడి ముగింపులో నేను గడుసువాడిని. అసలు ముగింపులో తెలివితక్కువవాడిని. పదిమంది ముందు ఏది నయమో మీకు తెలియంది కాదు. మొన్న మా అమ్మాయి గది తలుపు కొట్టి, అంతా చెప్పాను. విని, "షీ సౌండ్స్ గ్రాండ్," అని మాత్రం అంది.

ఇప్పుడు నాకు జుట్టు నెరిసింది, తెలియనిదాన్ని తెలియదనడం చేతనయింది. కానీ కొత్త జబ్బొకటి పట్టుకుంది. మీదే ఊరు అని ఎవరైనా అడిగితే చాలు, ఆగలేను. రాజమండ్రిలో రైలు దిగడం దగ్గర మొదలుపెట్టి, రామచంద్రపురం బస్సు, కాలవ వంతెన, ఎడమచేతి వీధి, మూడో ఇల్లు, అన్నీ చెబుతాను. ఎవరింట్లో దిగొచ్చో, అట్లలోకి ఏ పచ్చడి బాగుంటుందో కూడా చెబుతాను. మొన్న డబ్లిన్‌లో లువాస్ ట్రాములో పక్కన కూర్చున్న ఒకాయన, పాపం, మర్యాదకి అడిగాడు. బయట వాన పడుతున్నా తను దిగాల్సిన చోటుకి రెండు స్టాపులు ముందే దిగిపోయాడు. తలుపులు మూసుకునేలోపల, "అక్టోబరులో రండి!" అని మాత్రం చెప్పగలిగాను.